పోయింది సరే, ఎంత దూరం?

నవంబర్ 19 ప్రపంచ మరుగుదొడ్డి దినం. సింగపూర్ వాసి జాక్ సిమ్ 2001లో ఇదే తేదీన ప్రపంచ టాయిలెట్ సంస్థను స్థాపిస్తే, పన్నెండేళ్ల తర్వాత ఐక్యరాజ్యసమితి ఆ తేదీని తన పట్టికలోకి ఎక్కించుకుంది. 2025లో ఆ రోజుకు మరో లెక్క కూడా తోడైంది. లండన్ బాండ్ స్ట్రీట్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లండ్ దేశస్థుడు, దొడ్డి కింది గొట్టాన్ని పాము మెలికలా వంచి, ఆ మెలికలో కాసిని నీళ్లు నిలిపి, ఆ నీళ్లనే కంపుకు అడ్డుతలుపు చేసి పేటెంటు పుచ్చుకున్నది 1775లో. 2025 నాటికి సరిగ్గా రెండున్నర శతాబ్దాలు. గడియారాల వాడి ఆ వంపు ఇవాళ మన ప్లంబర్ల నోట ‘ఎస్ ట్రాప్’ అయి, సిమెంటు కొట్టులో ఇంత అని బేరమాడి కొనుక్కునే సరుకైంది.

వంపు కంపును ఆపింది కానీ, అప్పటిదాకా లేని ఒక చిక్కును తెచ్చిపెట్టింది. తిన్నని గొట్టంలో పడ్డది పడ్డట్టే కిందికి పోతుంది. వంపు పెట్టాక దాన్ని ముందు ఎక్కించాలి, తర్వాత దించాలి, దించాక వంపులో మళ్లీ మంచినీళ్లు నిలబెట్టాలి. అందుకు నీళ్లు కావాలి. ఎన్ని? మొత్తం పోయిందని ఎవరు, ఎలా తేల్చాలి? పెద్దమనుషుల సభల్లో ఎవరూ ఎత్తని ఈ రెండు ప్రశ్నల చుట్టూ ఇంజనీర్లు, కుమ్మరులు, నగరపాలకులు, చివరికి ఒక అమెరికా అధ్యక్షుడు కూడా తిరిగారు. మన భాషలో ఆ గదికి పెట్టిన పేరులోనే ‘మరుగు’ ఉంది. ‘బయటికెళ్లడం’, ‘చెంబట్టుకెళ్లడం’ వంటి మాటల చాటున ఆ పనిని దాచుకున్న వాళ్లం మనం. ఒక్కసారి ఆ మరుగు కాస్త తొలగించి మాట్లాడుకోవడం తప్పు కాదనుకుంటున్నాం.

ఆ రెండు ప్రశ్నలకు పదిమందిలో జవాబు చెప్పే ప్రయత్నం 1884లో లండన్‌లోనే జరిగింది. ఆ ఏటి అంతర్జాతీయ ఆరోగ్య ప్రదర్శనలో తయారీదారులు తమ కమోడ్లను పోటీకి నిలబెట్టారు. జార్జ్ జెన్నింగ్స్ కంపెనీ వారి ‘పెడెస్టల్ వేజ్’కు బంగారు పతకం దక్కింది. అప్పటికి జెన్నింగ్స్ చనిపోయి రెండేళ్లయింది. రెండు గ్యాలన్లు, అంటే మన లెక్కలో 9 లీటర్ల నీళ్లతో ఆ కమోడ్ ఒక్క ఊపున మింగిన వాటి జాబితా ఇప్పటికీ నిలిచివుంది: అంగుళంపావు వ్యాసం గల పది యాపిల్ పళ్లు, నాలుగున్నర అంగుళాల స్పాంజి ఒకటి, గిన్నె గోడలకు పులిమిన ప్లంబర్ల నల్లమడ్డి, ఆ మడ్డి మీద గట్టిగా అంటించిన నాలుగు కాగితం ముక్కలు. నవ్వుకోవచ్చు గానీ, చూసినవాళ్లకు సందేహం మిగలని పరీక్ష అది. గట్టిది పోవాలి, తేలేది పోవాలి, అంటుకున్నదీ పోవాలి. ఇవాళ్టి ప్రయోగశాలలు గోళీలతోనూ గుళికలతోనూ సిరాగీతతోనూ చేస్తున్నవి కూడా ఈ మూడు పరీక్షలే. ఇంకో మాట. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఫ్లష్ ట్యాంకుకు పెట్టిన పేరు ‘వాటర్ వేస్ట్ ప్రివెంటర్’, అంటే నీటి వృథాను ఆపే తొట్టి. కొళాయి తిప్పి వదిలేసే అలవాటును మాన్పించడానికే అది పుట్టింది. నీటి పొదుపు మన కాలపు ఆలోచన అనుకునేవారికి ఈ పేరు ఒక్కటి చాలు.

ఇంగ్లండ్ పొదుపుతో మొదలుపెడితే, ఇరవయ్యో శతాబ్దపు అమెరికా దాన్ని మరచిపోయింది. అక్కడి కమోడ్ పనిచేసే తీరే వేరు. నీళ్లు పైనుంచి తోయడం కాదు, వంపు మొత్తాన్నీ నింపి, సైఫన్ పుట్టించి, గిన్నెలోదాన్ని వెనక నుంచి లాగేస్తాయి. లాగడం మొదలవాలంటే వంపు నిండాలి, నిండాలంటే నీళ్లు దండిగా ఉండాలి. ఒక్కో ఫ్లష్‌కు 19 లీటర్లు, అంతకు మించి కూడా పోసిన కాలం అది. తర్వాత 13 లీటర్లకు తగ్గింది. 1992లో ఇంధన విధాన చట్టం దాన్ని ఒక్క దెబ్బతో 6 లీటర్లకు దించింది. 1994 జనవరి 1 నుంచి ఇళ్లకోసం తయారయ్యే కమోడ్ అంతకు మించి వాడకూడదు.

తప్పు ఇక్కడే జరిగిందని చెప్పాలి. చట్టం లీటర్లను కొలిచిందే గానీ మనిషి పనిని కొలవలేదు. అప్పటి ప్రమాణాల్లో పరీక్షలు లేకపోలేదు. ప్లాస్టిక్ బంతులు, గుళికలు పోసి చూసేవారు. కానీ ప్లాస్టిక్ గుళిక ఎక్కడా అంటుకోదు, సాగదు, విరగదు. చాలా కంపెనీలు 13 లీటర్లకు గీసిన పాత గిన్నెలోనే, సన్నని వంపులోనే, 6 లీటర్లు పోసి అమ్మేశాయి. పరీక్ష నెగ్గిన కమోడ్ ఇంటికొచ్చాక మూలిగింది. జనం రెండేసి మార్లు, మూడేసి మార్లు మీట నొక్కారు. పాత పెద్ద ట్యాంకుల కోసం కెనడా సరిహద్దు దాటి వెళ్లినవాళ్లున్నారు. మిషిగన్ ప్రతినిధి జో నాలెన్‌బర్గ్ 1999లో ఆ నిబంధననే ఎత్తెయ్యాలని బిల్లు పెట్టారు, నెగ్గలేదు. అదే దశాబ్దంలో న్యూయార్క్ నగరం మాత్రం ఎదురు డబ్బిచ్చి 13 లక్షలకు పైగా పాత కమోడ్లను తీయించి, తగ్గిన నీటితో గట్టెక్కింది. ఒకే వస్తువు ఒక ఊరికి వరమూ, ఒక ప్రజాప్రతినిధికి ఎన్నికల సరుకూ అయింది.

ఆ గొడవకు తెరదించింది పప్పుముద్ద అంటే అతిశయోక్తి కాదు. కెనడాలో బిల్ గాలీ, కాలిఫోర్నియాలో జాన్ కోలర్ అనే ఇద్దరు ఇంజనీర్లు 2003లో ‘మ్యాప్’ పేరుతో కొత్త పరీక్ష మొదలుపెట్టారు. పూర్తి పేరు మాక్సిమమ్ పెర్ఫార్మెన్స్. మనిషి విసర్జించేదానికి బరువులోనూ మెత్తదనంలోనూ దగ్గరగా ఉండేదేదో కావాలి. అది ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకు రోగం తేకూడదు. సోయాగింజలు, బియ్యం, ఉప్పు, నీళ్లు కలిపి పులియబెట్టిన జపాన్ వారి మిసో ముద్ద అన్నిటికీ సరిపోయింది. జంతికల పిండి లాంటి ఆ ముద్దను నాలుగంగుళాల పొడవు, అంగుళం లావున, ఒక్కోటి 50 గ్రాములు తూగేట్టు తీర్చి, పల్చని రబ్బరు తొడుగులో కడతారు. వాటితో పాటు నలిపిన టాయిలెట్ పేపర్ ఉండలు. గిన్నెలో వేసి ఒక్కసారి ఫ్లష్ చేస్తారు. మొత్తం వంపు దాటిందా, వంపులో నీరు మళ్లీ నిలిచిందా అని చూస్తారు. దాటితే ఇంకో 50 గ్రాములు కలుపుతారు. ఏదో ఒకచోట కమోడ్ చేతులెత్తేస్తుంది. దాని ముందు నెగ్గిన బరువే దాని మార్కు. తొడుగు ఉంది గనక చినగకుండా కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఈ చిన్న సదుపాయం లేకపోతే వేల మోడళ్లను పరీక్షించడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

ఎంత బరువు చాలు అన్నదానికి వాళ్లు ఆధారం చేసుకున్నది 1978 నాటి ఒక బ్రిటిష్ వైద్య అధ్యయనం. దాని ప్రకారం పురుషుల్లో గరిష్ఠ విసర్జన సగటున 250 గ్రాములు. కనీసపు గీత అక్కడ గీశారు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2006లో ప్రారంభించిన ‘వాటర్‌సెన్స్’ ముద్ర ఆ గీతను 350 గ్రాములకు పెంచి, నీటిని 4.8 లీటర్లకు తగ్గించింది. అందరూ విడ్డూరమన్నారు గానీ కమోడ్ల తయారీ దారి మళ్లింది ఆ దెబ్బతోనే. మార్కులు పదిమందికీ తెలిసేసరికి ఓడిన కంపెనీలు సిగ్గుపడి డ్రాయింగు బల్లల ముందు కూర్చున్నాయి. ట్యాంకు అడుగున వాల్వు రెండంగుళాల నుంచి మూడంగుళాలకు పెరిగింది. వంపు వెడల్పయింది, దాని లోపలి గోడకు కూడా నునుపు పూత పడింది. నీరు తక్కువైనా వేగం పెరిగింది. ఇవాళ 4.8 లీటర్లతోనే 1,000 గ్రాములు దాటించే మోడళ్లు కొల్లలు. పాతికేళ్లలో నీరు దాదాపు మూడో వంతుకు దిగి, బలం పెరగడం ఏ యంత్రం చరిత్రలోనైనా గర్వించదగ్గదే. ఈ సంగతి తెలియకో, తెలిసి కూడానో, 2019 డిసెంబర్‌లో డొనాల్డ్ ట్రంప్ జనం పది పదిహేను సార్లు ఫ్లష్ చేయాల్సి వస్తోందని వాపోయారు. ఆయన చెప్పింది 1994 నాటి కమోడ్ గురించి అయివుండాలి.

ఈ పోటీలో చప్పుడు చేయకుండా ముందు నడిచింది ఆస్ట్రేలియా. కరువు ఎరిగిన దేశం కనక 1980లోనే కరోమా కంపెనీ రెండు మీటల ట్యాంకు తెచ్చింది: పెద్ద పనికి 11 లీటర్లు, చిన్న పనికి అందులో సగం. నేడు ఆ అంకెలు నాలుగున్నర, మూడు. మన ఆఫీసుల్లో గోడకు మెరుస్తూ కనిపించే జంట బటన్ల తాతగారు ఆ ట్యాంకే. వాటిలో ఏ బటన్ దేనికో తెలియక రెండూ కలిపి నొక్కేవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు, అది వేరే కథ.

ఇంతవరకూ గర్వించదగ్గ కథే. కానీ మ్యాప్ పరీక్షలో విజయరేఖ ఎక్కడుందో గమనించాలి. వంపు దాటితే నెగ్గినట్టే. ఆ తర్వాత గొట్టం ఉంది, ఛాంబర్ ఉంది, వీధి కింద మ్యాన్‌హోల్ ఉంది. అమెరికా ప్రమాణాల్లో గొట్టానికీ ఒక పరీక్ష లేకపోలేదు. నూరు ప్లాస్టిక్ గోళీలు వేసి ఫ్లష్ చేస్తే అవి సగటున 40 అడుగులైనా దొర్లాలి. గోళీ దొర్లుతుంది గనక దొర్లింది. ప్లంబింగ్ సంఘాలు కలిసి ఏర్పాటు చేసుకున్న ఒక పరిశోధక కూటమి 2012లో 135 అడుగుల నాలుగంగుళాల పైపు పరిచి, అదే సోయా ముద్దలు వేసి, 6, 4.8, 3 లీటర్ల ఫ్లష్‌లతో నెలల తరబడి పరీక్షించింది. మొదటి రెండింటితో సరకు క్రమం తప్పకుండా సాగిపోయింది. 3 లీటర్ల దగ్గర లెక్క తప్పింది. ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు గుట్టపడి ఆగుతుందో చెప్పలేని స్థితి. అంతకంటే ఆలోచింపజేసేది ఇంకోటి తేలింది. కమోడ్ ఎంత జోరుగా ఫ్లష్ చేస్తుందన్నది పైపులో ప్రయాణానికి పెద్దగా లెక్కలోకి రాలేదు. మొత్తం నీరెంత, పైపు వాటం ఎంత, కాగితం తడిస్తే ఎంత తొందరగా చివుకుతుంది, ఇవే తేల్చాయి. అంటే గిన్నెలో శూరత్వం గిన్నెకే. మేస్త్రీ ఇచ్చిన వాటం ముందు కంపెనీ మార్కు దిగదుడుపు.

మన దేశంలో ఈ కథ వేరే చోట మొదలవుతుంది. ఒకప్పుడు మన పట్నాల్లో వంపూ లేదు, నీరూ లేదు. పొడిదొడ్లు ఉండేవి, వాటిని చేత్తో ఎత్తే మనుషులు ఉండేవారు, ఆ మనుషులు ఏ కులాలవారో ఊరందరికీ తెలుసు. బిందేశ్వర్ పాఠక్ 1970లో బిహార్‌లో సులభ్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు ఎదురైన ప్రశ్న నీళ్ల పొదుపు కాదు, ఆ చేతుల విముక్తి. ఆయన జవాబులో మాత్రం నీళ్ల పొదుపు దానంతటదే వచ్చింది. పాన్‌ను 25 నుంచి 28 డిగ్రీల ఏటవాలుగా దించి, వంపులో రెండు సెంటీమీటర్ల నీటిని మాత్రమే నిలిపితే, ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, అంటే రెండు మగ్గులు పోస్తే పోతుంది. పక్కపక్కన రెండు గుంతలు. ఒకటి నిండితే రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని మూసి ఉంచితే రెండేళ్లలో మన్నవుతుంది. కాలిఫోర్నియా చట్టం చేసి, ప్రయోగశాలలు పెట్టి 4.8 లీటర్లకు రావడానికి 2014 అయింది. మన పల్లె పాన్‌కు ట్యాంకే లేదు. గుంత పక్కనే ఉండటంతో అది సుదూరం తోయాల్సిన పనీ లేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మన వరంగల్ జిల్లా గంగదేవిపల్లికి వచ్చి, అలా మగ్గిన గుంతలోకి స్వయంగా దిగి ఎరువు పైకెత్తారు. ఒక ఐఏఎస్ అధికారి దిగితే వార్త అయింది. రోజూ దిగేవారు ఎప్పుడూ వార్త కాలేదు.

పట్నం దారి వేరు. 1908 మూసీ వరద తర్వాత నిజాం పిలుపున వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య జలాశయాలతో పాటు హైదరాబాద్‌కు భూగర్భ డ్రైనేజీ కూడా ఆలోచించి వెళ్లారు. డ్రైనేజీ అంటేనే నీటి బండి. కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ మాన్యువల్ లెక్కలో ఆ సంగతి పచ్చిగా కనిపిస్తుంది: మురుగు గొట్టాల్లేని పట్టణానికి మనిషికి రోజుకు 70 లీటర్లు చాలు, గొట్టాలున్న నగరానికి 135 కావాలి. ఆ తేడాలో పెద్ద భాగం తాగడానికీ వండడానికీ కాదు, మోయడానికి. గొట్టంలో మురుగు రోజులో ఒక్కసారైనా సెకనుకు 60 సెంటీమీటర్ల వేగం అందుకోకపోతే అడుగున పేరుకుంటుంది. కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తెచ్చుకునే హైదరాబాద్‌లో లీటరు మిగిలిస్తే గొట్టం వేగం తగ్గుతుంది. వేగం నిలపాలంటే లీటర్లు పోయాలి. 2021లో భారత ప్రమాణాల సంస్థ నీటి పొదుపు శానిటరీవేర్‌కు ఐఎస్ 17650 పేరుతో ప్రత్యేక ప్రమాణం తెచ్చింది. మంచిదే. కొనేవాడికి నీటి లెక్క తెలియాలి. ఆ లెక్క షోరూమ్‌లో ఉన్న గిన్నెది. వీధి కింది పైపు ముప్ఫై ఏళ్లనాటిది, దాని వాటం ఆ రోజు మేస్త్రీకే తెలుసు.

పరీక్ష కొలతలు కూడా మనవి కావు. 250 గ్రాములు బ్రిటిష్ మగవాళ్ల లెక్క. పీచు దండిగా తినే ఆఫ్రికా పల్లెవాసుల మలం ఇంగ్లండు వాళ్లదానికంటే ఎన్నో రెట్లు బరువని వైద్యుడు డెనిస్ బర్కిట్ 1970లలోనే చూపించారు. పప్పు, కూర, గోంగూర, జొన్నరొట్టె తినే మన గీత ఎక్కడ గీయాలి? కాగితం ఉండలు వేసి చేసే పరీక్ష చెంబో, మగ్గో, జెట్ స్ప్రేయో వాడే మనకెంత వర్తిస్తుంది? మన కడుగునీళ్లు గిన్నెలోకి అదనంగా పోతాయి. గొట్టానికి అది మేలే. ఇక ఫ్లష్ ట్యాంకున్న ప్రతి బాత్రూమ్‌లోనూ దాని పక్కనే నిండు బకెట్ ఒకటి కాచుకుని ఉంటుంది చూడండి, ట్యాంకుకు మనవాళ్లు వేసిన మార్కు అది. బటన్ నొక్కి, ఒక చూపు చూసి, మగ్గుతో ఇంకో రెండు పోయనిదే మన మనసు ఒప్పదు. ఆ రెండు మగ్గులు ఏ ప్రమాణంలోనూ లేవు. మన తిండితో, మన నీళ్ల అలవాటుతో, మన పైపులతో ఒక తెలుగు ప్రయోగశాలో, ఇంజనీరింగ్ కాలేజో ఈ పరీక్షను కొత్తగా రాయాల్సిన పని అలాగే ఉండిపోయింది. సోయాముద్ద బదులు ఏం వాడాలో మన వంటింటికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

గొట్టం ఆగితే తీయడానికి మన దగ్గర యంత్రం కన్నా ముందు మనిషి ఉన్నాడు. పొడిదొడ్లను నిషేధిస్తూ చట్టం వచ్చింది 1993లో. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని కూడా నేరంగా చేసింది 2013లో. పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమ సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు మ్యాన్‌హోల్ మరణానికి 10 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది; 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ ఉద్యమానికి జీవితం ధారపోసిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది. హైదరాబాద్ జలమండలి 2017లో సన్నని గల్లీల్లోకి దూరగల చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది, వాటిని నడిపే బాధ్యత దళిత పారిశ్రామికులకు అప్పగించింది. ఇవన్నీ నిజమైన అడుగులు. కానీ పరిహారం మూడింతలు చేయాల్సి వచ్చిందంటే, ఆ చావులు ఆగలేదనే.

ఈ మాటలు రాసే ముందు వారం మా కార్యాలయ భవనంలో కొత్త కమోడ్లు బిగించారు. జంట బటన్లు, తళతళలాడే పింగాణీ, డబ్బా మీద నీటి పొదుపు గుర్తు. నాలుగో రోజుకు కింద ఛాంబర్ పొంగింది. ప్లంబరూ, ఇంకో మనిషీ వచ్చి మూత ఎత్తారు. పొడవాటి వెదురుబద్ద పైపులోకి దూర్చి కాసేపు పొడిచారు. తర్వాత ప్లంబర్ వాచ్‌మన్‌ను పిలిచి, “అన్నా, మీద రెండు బకెట్లు ఒక్కపారి గుమ్మరియ్యమను” అన్నాడు. ఏ ప్రమాణంలోనూ లేని, మన ఊళ్లన్నిటిలోనూ ఉన్న పరీక్ష అది. మూడో అంతస్తు కిటికీ నుంచి “పోసినం” అని కేక వినిపించింది. ఛాంబర్ అంచున గొంతుక్కూర్చున్న మనిషి వెదురుబద్ద పక్కన పెట్టి, చేతుల మీద వాలి లోపలికి తొంగి చూశాడు. కొద్దిసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత గలగలమంది.

“నీళ్లయితే వచ్చినయ్” అన్నాడు, ఇంకా లోపలికే చూస్తూ.